మర గిడ్డంగియు, మనుష్యుని వీపును

పట్టణములందు నేడొక క్రొత్త వేడుక బయలుదేరినది. దీపము లేని గిడ్డంగి, మనుష్యుడు లేని గిడ్డంగి, అడిగిన సరుకు తనంతట తానే వాకిటికి నడచివచ్చు గిడ్డంగి! దీని చిత్రములను చేతులు మార్చుకొనుచు యువకులు మురిసిపోవుచున్నారు. ఇట్టివి యెన్ని వెలసిన దేశమున కంత నాగరికత యని కొందరును, ఇవి వచ్చిన కూలివాని నోట మట్టియే యని కొందరును వాదించుచున్నారు. మేమీ రెండు పక్షములవారితోడను ఏకీభవింపజాలము. ఏల యేకీభవింపజాలమో చెప్పుటకు ముందు ఆ మర చేయు పని యెట్టిదో చదువరులు తెలిసికొనుట మంచిది. తెలియనిదానిని పొగడుటయు, తెలియనిదానిని తెగడుటయు మనకు అలవాటైపోయినది.

నూరడుగులకు పైగా లేచిన ఉక్కు అరల వరుసలు. వరుసకును వరుసకును నడుమ నొక యిరుకు సందు. ఆ సందులో నేలమీద నొక పట్టా, పైన నొక పట్టా. ఆ రెంటి నడుమ నిట్టనిలువుగా నొక స్తంభము పరువిడును. స్తంభము ముందునకు పోవుచుండగనే దానినంటియున్న తొట్టి పైకి లేచును. చెప్పిన అర యెదుట నిలిచి, ఉక్కునాలుకను చాచి, సరుకు పేర్చిన పలకను లోనికి లాగుకొని, మరలివచ్చి వాకిట దింపును. ఏ పెట్టె యే అరలో నున్నదో కంప్యూటరు నెరుగును; గుమాస్తా చిట్టా తిరుగవేయ నక్కరలేదు, కళాసీ నిచ్చెన యెక్క నక్కరలేదు. 1962లో జర్మనీదేశమున గూటర్స్‌లో పట్టణమందు బెర్టెల్స్‌మాన్ అను ప్రచురణసంస్థకు డెమాగ్ కంపెనీవారు ఇట్టి గిడ్డంగిని కట్టియిచ్చిరి. ఈ జాతికి అదియే ఆద్యమని చెప్పుదురు. పుస్తకముల నెత్తిపెట్టుటకు పుట్టిన మర యిది! పఠనమందిరమున గూర్చుండి దీనిని చదువువారికి ఈ ముక్క కొంత సంతోషము గూర్పవచ్చును.

తరువాత దీని సంతానము పెరిగినది. నార్వేవారు సందులనే తీసివేసి, పెట్టెపై పెట్టెను కిక్కిరియ పేర్చి, పైనున్న చట్టముమీద చిన్న బండ్లను త్రిప్పి, బావినుండి బొక్కెన తోడినట్లు కావలసిన పెట్టెను తోడు పద్ధతిని కనిపెట్టిరి. అమెరికాలో 2003లో పుట్టిన కీవా అను సంస్థ, అరలనే నెత్తి కెత్తుకొని మనుష్యుని కడకు వచ్చు పొట్టి యంత్రములను చేసినది. 2012లో అమెజాను వర్తకసంస్థ దానిని 77 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనుగోలు చేసెను. 2025 నాటికి తమ గిడ్డంగులలో నిట్టి యంత్రభృత్యుల సంఖ్య 10 లక్షలకు చేరినదని ఆ సంస్థయే ప్రకటించుకొనినది.

"ఇదంతయు విదేశీయుల మాయ, మనకేల?" యను స్వదేశాభిమానులకు మొదట బదులు చెప్పుదము. అయ్యా! ఈ మర నేడు విదేశీయము కాదు. 2011లో పిలానీ విద్యాలయమున చదివిన మన యువకులే గ్రేఆరెంజి యను సంస్థను స్థాపించి గిడ్డంగి యంత్రములను చేసిరి. (ఆ సంస్థ ప్రధానకార్యాలయము నేడు అమెరికాలో నున్నది; అది వేరు కథ.) నోయిడాలోని అడ్వర్బ్ సంస్థలో అధికభాగమును 2022లో రిలయన్సువారు కొనిరి. మన హైదరాబాదునందలి వేగా కన్వేయర్స్ సంస్థ 2019లో జపానుదేశపు డైఫుకు కంపెనీ చేతికి పోయినది. ఆ కంపెనీవారే రంగారెడ్డి జిల్లా చందనవెల్లిలో 2025లో కర్మాగారమును తెరచిరి. అనగా ఈ మరను బిగించు చేతులలో తెలుగుచేతులును గలవు. మర మనయింట పుట్టినంతమాత్రమున బస్తా మనవాని వీపునుండి దిగినదా? మా ప్రశ్న అది. స్వదేశీముద్ర వేసికొనిన మర స్వదేశీయుని మరచినయెడల ఆ ముద్ర యెవరికి?

ఇక రెండవ పక్షము. "మర వచ్చిన కూలి పోవును, కావున మర వలదు" అనువారిలో బస్తా మోసినవా డొక్కడైనను మాకు కనబడలేదు. గాంధీజీయే 1924లో తాను యంత్రమునకు శత్రువును కాననియు, యంత్రవ్యామోహమునకే శత్రువు ననియు స్పష్టపరచి, సింగరు కుట్టుమిషనును మినహాయించెను. ఇల్లాలి వేళ్లకు విశ్రాంతి నొసగు యంత్రము తప్పు కానప్పుడు, హమాలీ వెన్నెముకకు విశ్రాంతి నొసగు యంత్రము తప్పెట్లగును? గుంటూరు మిర్చియార్డునకు మాఘఫాల్గునములలో పోయి చూడుడు. 40 కిలోల పైచిలుకు టిక్కీని వీపున వేసికొని, మిరపఘాటునకు దగ్గుచు, కన్నులు తుడుచుకొనుటకు చేయి యాడక, శీతలగిడ్డంగి గదులలోనికి వంగి నడచువానిని చూడుడు. బయట నిప్పులు చెరగు ఎండ, లోపల మంచుచలి. ఒక్క దినమున నెన్ని మారులో! వానిని నిలిపి, "నీ కొడుకుకూడ నిదే పని చేయవలెనా?" యని యడుగుడు. వాని యుత్తరము వినిన పిదప వచ్చి మాతో వాదింపుడు. పని పోవునను భయమును చూపి యొక మనుష్యునిచే నడుము విరుగువరకు బరువు మోయించుట దయ యనిపించుకొనదు.

మర రావలెను. కాని యెవరి బరువును దింపుటకు వచ్చినది? సబ్బుపెట్టెకు మర వచ్చినది. చెప్పులజోడునకు, చేతిఫోనునకు, చిన్నపిల్లల బొమ్మకు మర వచ్చినది. గట్టిగా పట్టినచో వ్రేళ్లతో లేపదగిన సరుకునంతయు ఉక్కుచేతులు సుకుమారముగా మోయుచుండగా, 50 కిలోల ధాన్యపుబస్తా మాత్రము మనుష్యుని మెడమీదనే యున్నది. దీనికి మరలవారు చెప్పు సమాధానమొకటి కలదు. యంత్రమునకు కొలత తప్పని పెట్టె, సమమైన పలక కావలెనట. గోనెబస్తా ఉబ్బును, జారును, చిరుగును, కావున దానికి లొంగదట. ఇది కొంత నిజమే. ఐనను గోనె లొంగనప్పుడు గోనెను తీసివేయు మార్గము లేకపోలేదు. పంజాబున మోగాలోను, హర్యానాలో కైథలులోను గోధుమలను బస్తాల కెత్తకుండ లారీనుండి నేరుగా ఉక్కుకొప్పెరలలో పోయు సైలోలు పెక్కేండ్లుగా పనిచేయుచున్నవి. చేయదలచినవారికి దారి దొరకినది. చెప్పని సమాధానమే యసలైనది: హమాలీకూలి, యంత్రము వెలపై వడ్డీకన్న చౌక. చౌకైన వీపు దొరకునంతకాలము ఖరీదైన ఉక్కును కొనువాడెవడు?

వీపులు వంగినను ధాన్యమైన చల్లగా నుండినదా? 1964 నాటి శాసనమునుబట్టి 1965లో భారత ఆహారసంస్థ యేర్పడినది. అది మొదలు కప్పు చాలనియేట కొయ్యచట్టములమీద బస్తాలను గుట్టలుగా పేర్చి, పైన పాలిథీను దుప్పటి కప్పి, వానదేవునికి నమస్కరించుట మన నిల్వపద్ధతులలో నొకటైనది. 2010లో సుప్రీంకోర్టు, కుళ్లిపోవు ధాన్యమును పేదలకు పంచుడని చెప్పగా, విధాననిర్ణయములలో న్యాయస్థానము తలదూర్చరాదని నాటి ప్రధాని మన్మోహన్ సింగు బదులు పలికెను. విధానము చెక్కుచెదరలేదు, ధాన్యము చెడినది. 2023 మే నెలలో కేంద్రమంత్రివర్గము, సహకారరంగమున ప్రపంచములోకెల్ల పెద్ద ధాన్యనిల్వ పథకమని చెప్పి, ఐదేండ్లలో 700 లక్షల టన్నులకు చోటు కల్పించుటకు అనుమతించినది. చోటు కల్పించుట మంచిదే. ఆ చోటికి బస్తాను మోయువా డెవడు? ఆ ప్రశ్నను గట్టిగా నడుగువారు మాకు కానరాకున్నారు.

మర వచ్చినచోటనైన మనుష్యుడు సుఖించుచున్నాడా యనిన, అదియును లేదు. 2020లో అమెరికాలోని రివీల్ అను వార్తాసంస్థ అమెజాను లోపలిపత్రములను పరిశీలించి, 2016 మొదలు 2019 వరకు యంత్రములున్న గిడ్డంగులలోనే కూలివారికి తీవ్రగాయములు, యంత్రములు లేనివానికంటె సగమునకు మించి హెచ్చుగా తగిలినవని వ్రాసినది. ఆ సంస్థవారు ఈ తాత్పర్యమును ఒప్పుకొనలేదు. కాని కారణ మూహకందనిది కాదు. మునుపు కూలివాడు సరుకుకొరకు నడచెడివాడు. నడచునంతసేపు నడుమునకు కొంత మార్పైన నుండెడిది. నేడు సరుకే వానికడకు ఎడతెగక వచ్చుచుండగా, వాడు ఒక్కచోట నిలిచి, వంగుచు లేచుచు, గంటకిన్ని యని మర పెట్టిన లెక్కకు చేతులాడింపవలెను. మర అలయదు, దాని వేగమే వీని వేగము. అందుచేతనే కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2021లో శాసనముచేసి, గిడ్డంగి యజమాని పనిలెక్కను కూలివానికి వ్రాతపూర్వకముగా తెలుపవలెననియు, ఆ లెక్క వాని భోజనవిరామమునకుగాని మూత్రవిసర్జనకుగాని అడ్డురారాదనియు విధించిరి. మూత్రవిసర్జనకు శాసనమా యని నవ్వకుడు! 2024లో హర్యానాలోని మానేసరునందలి యొక గిడ్డంగిలో, పని ముగియువరకు మరుగుదొడ్డికి పోమని కూలివారిచే ప్రమాణము చేయించిరన్న వార్తలపై జాతీయ మానవహక్కుల సంఘము కేంద్ర కార్మికశాఖకు నోటీసు పంపవలసివచ్చెను. మనకును ఆ శాసన మక్కరయే.

శాసనములు మనకు లేవనుకొనుటయు పొరపాటు. ముఠా, జట్టు, హమాలీ మున్నగు కాయకష్ట కార్మికుల పని నియమములకును సంక్షేమమునకును 1976లోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టము చేసినది. పేరులోనే మన మార్కెట్టు వీధుల మాటలున్న చట్టమది. ఏబదేండ్లు గడచినవి. మీ యూరి యార్డులో ఏ ముఠా మేస్త్రీనైనను అడిగి చూడుడు, ఆ చట్టముచేత వానికేమి చేకూరినదో. అంతర్జాతీయ కార్మికసంస్థ 1967లో మోతబరువునుగూర్చి యొడంబడిక చేసి, వయోజనుడైన పురుషుడు మోయదగిన గరిష్ఠభారము 55 కిలోలని సూచించినది; ఆ యొడంబడికను మన దేశము 2010లో అంగీకరించినది. మన బస్తా 50 కిలోలు. హద్దునకు ఐదు కిలోలు తక్కువ, కనుక అంతయు సక్రమమే! ఆ బస్తాను దినమునకు ఎన్ని వందల మారులు మోయవచ్చునో మాత్రము ఎవరును లెక్కపెట్టలేదు.

కావున మేమడుగునది స్పష్టముగా చెప్పుదుము. ప్రభుత్వ ధనముతో లేచు ప్రతి ధాన్యపుగిడ్డంగియందును బస్తా నెత్తుటకు యంత్రసాధనము ఉండితీరవలెను. జర్మనీ స్తంభములను, నార్వే బండ్లను మేమడుగలేదు. ఒక రబ్బరుపట్టా, ఒక మోటారు, ఏటవాలుగా నెత్తగల యొక చట్టము. ఇంతమాత్రము మన యూరి మెకానిక్కు బిగింపగలడు. మర వచ్చిన గిడ్డంగిలో బస్తాకు మిగిలిన కూలిలో నొక భాగము ఆ ముఠావారి సంక్షేమనిధికి చేరవలెను. మరను నడపు పని, దానికి తగిన శిక్షణ, మొదట ఆ ముఠావారికే, వారి బిడ్డలకే యీయవలెను. గంటకెన్ని పెట్టెలో తేల్చు లెక్కను కూలివాని యెదుట గోడమీద వ్రాయవలెను. 1976 నాటి చట్టమును రెండు తెలుగు రాష్ట్రములును అల్మారానుండి దింపవలెను. వీనిలో నొక్కటియు ఖజానా కూలిపోవు కోరిక కాదు.

రాబోవు మిర్చిపంట నాటికి పై కోరికలలో తొలిదానినైన నెరవేర్తురా? మన శాసనసభ్యులలో గుంటూరు యార్డును చూడనివా రుండరు. ఈ మారు వచ్చునపుడు తట్టలో పోసిన మిరపకాయల ధర యడిగి మరలిపోక, గిడ్డంగి లోపలికి నాలుగడుగులు వేసి, ఒక్క టిక్కీని తమ వీపున నెత్తించుకొని చూతురుగాక.