కొత్తది కొనే ముందు పది నిమిషాలు



కిందటి నెల ఏడో తరగతి బాబు ఒకరు క్లాసుకి టార్చ్‌లైట్ తెచ్చాడు. "మేడమ్, ఇది పోయింది. కొత్త సెల్స్ వేసినా వెలగట్లేదు. నాన్న సాయంత్రం ఇంకోటి కొంటానన్నారు" అన్నాడు. ఓపెన్ సర్క్యూట్, క్లోజ్డ్ సర్క్యూట్ మీద పెట్టిన టెస్టులో తనకి పదికి పది. కానీ చేతిలో ఉన్నదే ఒక సర్క్యూట్ అని, అది ఎక్కడో ఒకచోట తెగి ఉంటుందని తట్టలేదు. తప్పు తనది కాదు. మేం బొమ్మ గీయించాం గానీ వస్తువు విప్పించలేదు.

ఆ రోజు విప్పాం. సెల్స్ ప్లస్, మైనస్ సరిగ్గానే ఉన్నాయి. స్ప్రింగు మీద పాత సెల్ కారిన తెల్లటి మరక లేదు. చిన్న వైరు ముక్కని స్విచ్ రెండు కాళ్లకీ ఆనించగానే బల్బు వెలిగింది. అంటే సెల్స్, బల్బు బాగున్నాయి. స్విచ్ ఒక్కటే కరెంటుకి దారి ఇవ్వట్లేదు. మన ప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ. వాడకుండా సొరుగులో పడేస్తే స్విచ్ లోపలి రేకులకి చిలుము పడుతుంది. సెల్స్ తీసి, స్విచ్‌ని ఇరవై ముప్పైసార్లు ముందుకీ వెనక్కీ జరిపించాను. ఆ రాపిడికి చిలుము వదిలింది. సెల్స్ వేస్తే లైటు వెలిగింది. క్లాసంతా చప్పట్లు!

ఒక టార్చ్‌లైట్ కోసం ఇంత అవసరమా అనుకోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి కరెంటు లేక మేడల మీద చీకట్లో గడిపిన కుటుంబాలు అలా అనుకోవు. అలాంటి రాత్రి కొత్తది కొందామన్నా షాపు ఉండదు.

నాకు ఇంకో సంగతి కూడా కనిపిస్తోంది. పేరెంట్స్ మీటింగులో చాలామంది "మా అమ్మాయికి మ్యాథ్స్ రావట్లేదు, ట్యూషన్ మార్చమంటారా?" అని అడుగుతారు. పేపరు తీసి చూస్తే లెక్క అంతా వస్తుంది, భిన్నాల కూడిక దగ్గర మాత్రం ఆగిపోతుంది. అక్కడ కావలసింది కొత్త ట్యూషన్ కాదు, ఎక్కడ ఆగిందో చూడటం. ఏది బాగుందో ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ వెళ్లే ఓపిక పిల్లలకి ఇలాంటి చిన్న వస్తువుల దగ్గరే అలవాటవుతుంది. మనం వెంటనే కొత్తది కొనిచ్చేస్తే ఆ అవకాశం పోతుంది.

కొన్ని జాగ్రత్తలు. ఇదంతా 1.5 వోల్టుల మామూలు సెల్స్‌తో నడిచే వాటికే. ప్లగ్గులో పెట్టేవి, ఛార్జింగ్ బ్యాటరీ ఉన్నవి పిల్లల చేత విప్పించకండి. వైరుతో సెల్ రెండు కొనలనీ నేరుగా కలపనివ్వకండి, వేడెక్కుతుంది. సెల్ కారి ఉంటే గ్లవ్స్ వేసుకుని మీరే తుడవండి. బటన్ సెల్స్ చిన్నపిల్లలకి అందనివ్వకండి, మింగితే ప్రాణాపాయం.

ఈ ఆదివారం ఇంట్లో మూలన పడ్డ టార్చ్‌లైటో, బొమ్మో తీసి పిల్లల చేతికివ్వండి. మీరు బాగుచేసి చూపించొద్దు. "ముందు ఏది చూద్దాం?" అని మాత్రం అడగండి. ఏమేం చూశారో, ఏది బాగుందో, ఏది లేదో ఒక కాగితం మీద రాయించి సోమవారం పంపండి. అది వెలగకపోయినా పర్లేదు, కాగితం పంపితే చాలు.