నాయనమ్మ ఫ్రిజ్‌లో గూఢచారి

మూడు వారాలుగా నాయనమ్మకి షుగర్ అదుపులో లేదు. డోసు మారలేదు, తిండీ మారలేదు. "చాటుగా లడ్డూలు తింటున్నావా అమ్మా?" అని నాన్న అడిగినందుకు రెండ్రోజులు ఆయనతో మాట్లాడలేదావిడ.

నా అనుమానం మాత్రం ఫ్రిజ్ మీద. కొత్త ఇన్సులిన్ సీసాల్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. గడ్డకట్టిందా, ఇక వాడకూడదు. కరిగాక మామూలుగానే కనిపించినా సరే. మా పాత ఫ్రిజ్‌లో అవి ఉండేది సరిగ్గా ఫ్రీజర్ కింద, వెనక గోడకి ఆనించి.

నా సామాన్ల డబ్బాలోంచి థర్మిస్టర్ తీశా. మిరియపు గింజంత ఉంటుంది. వేడెక్కితే దాని నిరోధం తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. సిల్వర్ సల్ఫైడ్‌లో ఈ గుణాన్ని ఫారడే 1833లోనే గమనించాడు. నాది 25 డిగ్రీల దగ్గర 10 వేల ఓమ్‌లు చూపించే రకం. దానికి వరసలో ఇంకో 10 వేల ఓమ్‌ల రెసిస్టర్ కలిపి, 5 వోల్టులిచ్చి, రెండిటి మధ్య నుంచి ఒక వైరు ఆర్డుయినోకి లాగాను. సర్క్యూట్ అంతే. థర్మిస్టర్ గ్రౌండ్ వైపు ఉంది కాబట్టి చల్లబడేకొద్దీ ఆ మధ్యలో వోల్టేజీ పెరుగుతుంది.

బోల్తా పడింది లెక్కలో. డిగ్రీకి దాదాపు 4.4 శాతం మార్పు కదా, అంటే 440 ఓమ్‌లు అనుకుని కోడ్ రాసేశా. పరీక్షకి ఐసుముక్కలూ నీళ్లూ కలిపిన గ్లాసులో ముంచాను. అది సున్నా డిగ్రీలు ఉండాలి. స్క్రీన్ మీద మైనస్ 27! మా వంటింట్లో సైబీరియా అన్నమాట.

నేను వేసింది బారువడ్డీ. థర్మిస్టర్‌ది చక్రవడ్డీ. ప్రతి డిగ్రీకీ అప్పటికి ఉన్న నిరోధం మీద శాతం పెరుగుతుంది, పైగా చలిలో ఆ శాతం కూడా కాస్త ఎక్కువవుతుంది. అందుకే సున్నా దగ్గరికొచ్చేసరికి 33 వేల ఓమ్‌లు. డేటాషీట్‌లో బీటా అని 3950 ఇచ్చారు. దాన్ని లాగరిథమ్ సూత్రంలో పెట్టి మళ్లీ ముంచితే 0.4 వచ్చింది. అప్పుడు నమ్మాను.

తలుపు తీసినప్పుడల్లా గాలి వేడెక్కి అంకెలు గెంతుతాయి. అందుకని ఖాళీ ఇన్సులిన్ సీసాలో సగం దాకా నీళ్లు పోసి, ష్రింక్ ట్యూబు తొడిగిన థర్మిస్టర్‌ని అందులో దించి, పాత చోటే పెట్టాను. మందుకి ఏమవుతుందో నీళ్లకీ అదే.

రాత్రి 11కి 3 డిగ్రీలు. ఒంటిగంటకి 1. రెండు దాటాక సున్నా దగ్గరికొచ్చి అక్కడే అతుక్కుపోయింది, గంటసేపు కదల్లేదు. సెన్సర్ పాడైందేమో అనుకున్నా. తలుపు తీసి చూస్తే సీసా అంచుల్లో మంచు. నీళ్లు గడ్డకట్టేటప్పుడు అలాగే ఆగుతుంది మరి.

పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చేశాం. ఉన్న రెండు సీసాలూ పారేయమన్నారు. కొత్తవి మధ్య అరలో, గోడకి దూరంగా పెట్టాం. అక్కడ రాత్రంతా 4కీ 6కీ మధ్యే ఉంది.

నాయనమ్మకి సర్క్యూట్ చూపించి అంతా చెప్పాను. పూర్తిగా విని, "ఒరేయ్, ముందు మీ నాన్నకి ఫోన్ కలుపు" అంది.