మెల్లగా పాడితే కోపం లేనట్టా?

బీటెక్ సెకండ్ ఇయర్‌లో ఒక రాత్రి. తెల్లారితే డేటా స్ట్రక్చర్స్ ఇంటర్నల్. రూమ్మేట్ పడుకుంది. నేను ఇయర్‌ఫోన్స్‌లో షాడే పాట పెట్టుకుని చదువుతున్నట్టు నటిస్తున్నా. ఆ పాట అయిపోగానే ఆటోప్లేలో ఇంకోటి మొదలైంది. ముందు ట్రంపెట్, శాక్సోఫోన్. వెనకాల బోసా నోవా లయ. తర్వాత ఒక అమ్మాయి గొంతు. అరవదు, బతిమాలదు. పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది.

పాట 'ఈచ్ అండ్ ఎవ్రీ వన్'. ఆల్బమ్ 'ఈడెన్'. బ్యాండ్ 'ఎవ్రీథింగ్ బట్ ది గర్ల్'. ఇంటర్నల్‌లో మార్కులెన్నో అడక్కండి. ఆల్బమ్ మాత్రం ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. మధ్యలో మూడు ఫోన్లు మారాయి.

బ్యాండ్ అంటే ఇద్దరే. ట్రేసీ థార్న్, బెన్ వాట్. ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో 1981లో కలిశారు. అప్పటికే ఇద్దరూ చెర్రీ రెడ్ అనే చిన్న లేబుల్‌కి విడివిడిగా పాడుతున్నారు. 1982లో కోల్ పోర్టర్ రాసిన పాత పాట 'నైట్ అండ్ డే'తో జట్టు కట్టారు. పేరు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో తెలుసా? హల్‌లోని ఒక ఫర్నిచర్ షాపు బోర్డు నుంచి. బెడ్‌రూమ్‌కి కావాల్సినవన్నీ మా దగ్గర దొరుకుతాయి, ఒక్క అమ్మాయి తప్ప అని ఆ షాపు వాళ్ల జోకు.

'ఈడెన్' 1984లో వచ్చింది. అప్పటికి ఇద్దరికీ 21 ఏళ్లు. ఆ వయసులో మనం క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ కోసం ఆప్టిట్యూడ్ లెక్కలు చేసుకుంటూ ఉంటాం. వాళ్లేమో పీటర్ కింగ్ లాంటి అసలైన జాజ్ శాక్సోఫోన్ వాద్యకారుడిని పక్కన పెట్టుకుని రికార్డు చేశారు. ప్రొడ్యూసర్ రాబిన్ మిల్లర్. అదే ఏడాది వచ్చిన షాడే తొలి ఆల్బమ్ 'డైమండ్ లైఫ్' కూడా ఆయనదే. అంటే ఆ రాత్రి నా ఆటోప్లే గాలికి తెచ్చిన పాట కాదన్నమాట. బ్రిటన్ చార్టులో 'ఈడెన్' 14వ స్థానం దాకా వెళ్లింది.

'కాఫీ షాప్ మ్యూజిక్' అని ఈ ఆల్బమ్‌ని కొట్టిపారేసేవాళ్లు నాకు చాలామంది తగిలారు. నేనూ మొదట్లో అలాగే విన్నా. 'ఈచ్ అండ్ ఎవ్రీ వన్' అంటే ప్రేమలో దెబ్బతిన్న అమ్మాయి పాట అనుకున్నా. కాదట. పాడే అమ్మాయిల్ని తేలిగ్గా తీసిపారేసే మగ విమర్శకుల మీద కోపంతో రాశానని ట్రేసీ తర్వాత చెప్పింది. బాణీ అంత తియ్యగా ఉండేసరికి ఆ కోపం ఎవరికీ వినపడలేదు.

ఈ సంగతి నాకు తెలిసింది మొదటి ఉద్యోగంలో ఉండగా. అప్పుడే ఒక మీటింగ్‌లో, క్యాష్ ఎక్స్‌పైరీ తప్పుగా పెట్టాం, లోడ్ పెరిగితే సర్వర్ పడుకుంటుంది అన్నాను. ఎవరూ తలెత్తలేదు. పది నిమిషాలకి ఒక కొలీగ్ అదే మాట గట్టిగా అన్నాడు. "గుడ్ క్యాచ్" అన్నారు అందరూ. అప్రైజల్‌లో నాకొచ్చిన సలహా: "కొంచెం వాయిస్ పెంచమ్మా." క్యాబ్‌లో ఇంటికెళ్తూ ఆ పాట మళ్లీ పెట్టా. అదే ట్రంపెట్, అదే గొంతు. కానీ ఈసారి వేరే పాట విన్నట్టుంది.

నేను వాయిస్ పెంచలేదు. తర్వాతి వారం అంకెలన్నీ ఒక పేజీలో రాసుకెళ్లి, నా మామూలు గొంతుతోనే "ఇది పోయిన వారం నేను చెప్పిందే" అన్నా. రూమ్‌లో రెండు క్షణాలు నిశ్శబ్దం. దాంతో ప్రపంచం మారిపోలేదు. కానీ ఆ మాట నా నోటితో నేను అన్నాను. ఇప్పటికీ నాకు అది చాలు.

ట్రేసీ, బెన్ అక్కడే ఆగిపోలేదు. 1985లో వచ్చిన రెండో ఆల్బమ్‌కే జాజ్ పక్కన పెట్టి గిటార్లు పట్టుకున్నారు. ప్రపంచమంతా వాళ్లని గుర్తుపెట్టుకున్నది 'మిస్సింగ్' పాటకి టాడ్ టెర్రీ చేసిన డాన్స్ రీమిక్స్‌తో. అది అమెరికాలో 2వ స్థానం దాకా వెళ్లింది. 24 ఏళ్ల గ్యాప్ తర్వాత 2023లో 'ఫ్యూజ్' అనే కొత్త ఆల్బమ్ ఇచ్చారు. అవన్నీ నాకిష్టమే. కానీ రిలీజ్ రోజు రాత్రి ప్రొడక్షన్ ఎప్పుడు కూలుతుందో అని కాచుకుని కూర్చున్నప్పుడు నా చెయ్యి వెళ్లేది 'ఈడెన్' మీదికే.

మొత్తం పన్నెండు పాటలు. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీ నగర్ వచ్చేలోపు అయిపోతాయి. షఫుల్ ఆపేసి వరుసగా వినండి. మధ్యలో 'క్రాబ్‌వాక్' అని మాటల్లేని పాట ఒకటి వస్తుంది, స్కిప్ కొట్టకండి. విన్నాక మీ టీమ్‌లో మెల్లగా మాట్లాడే మనిషి ఎవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. రేపు మీటింగ్‌లో ఆ మనిషి నోరు తెరిస్తే, ల్యాప్‌టాప్ లోంచి తలెత్తి వినండి.