పాస్‌బుక్ మూసేముందు...

పోపులడబ్బాలోంచి బ్యాంకుకీ, బ్యాంకులోంచి ఇప్పుడు సెల్‌ఫోన్‌లోకీ చేరింది మన పొదుపు. క్యూలో నిలబడే బాధ తప్పింది, మంచిదే! కానీ పాత ఖాతా మూసేయడానికి తొందరపడకండి.

ముందు మీ సొమ్ము ఎక్కడుంటుందో అడగండి. కొన్ని యాప్‌లకి సొంతంగా బ్యాంకు లైసెన్సు ఉండదు. వెనకాల వేరే బ్యాంకు ఉంటుంది. దాని పేరు తెలుసుకోండి. 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరి డిపాజిట్లకు, వడ్డీతో కలిపి, 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. అదే బ్యాంకులో మీకు ఇదివరకే ఖాతా ఉంటే రెండూ కలిపే లెక్క.

ఖాతా మీ పేరున ఉన్నా, ఫోన్ నంబరు శ్రీవారిదైతే ఓటీపీ ఆయనకే వెళ్తుంది. మీ డబ్బు మీరు తీసుకోవాలన్నా ఆయన ఇంటికొచ్చేదాకా ఆగాల్సిందే! అందుకని మీ నంబరే ఇవ్వండి.

పాత ఖాతాలోని నామినీ పేరు కొత్తదానికి దానంతటదే రాదు, మళ్ళీ రాయించాలి. గ్యాస్ సబ్సిడీ, అప్పు వాయిదాలు, బీమా ప్రీమియం అన్నీ కొత్త ఖాతాకి మారి, రెండు మూడు నెలలు సాఫీగా నడిచాకే పాతది మూయండి. పాస్‌బుక్‌లో చివరిదాకా ఎంట్రీలు వేయించి బీరువాలో దాచుకోండి.

ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి. మోసం జరిగిందనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి.