నిల్వలో పొదుపు ఎంతవఱకు?

దస్తావేజు పోగొట్టుకొనిన కక్షిదారుని దుఃఖ మెట్టిదో న్యాయవాదుల కెఱుక. నేడు మన దస్త్రములన్నియు డిస్కులలోనికి జేరినవి. పెక్కు యంత్రముల డిస్కుల నొక్క భాండారముగా గూర్చు సెఫ్ అను సాధనమును నెలకొల్పువారు ముందుగా దలచుచున్నది ఖర్చును, తలపవలసినది నష్టమును.

మూడు ప్రతు లుంచుట సెఫ్ సహజరీతి. స్థలమున మూడవ వంతే దక్కుచున్నదని కొందఱు రెండింటితో సరిపెట్టుదురు. ఒక డిస్కు చెడి, వేఱొక ప్రతి సిద్ధమగులోపల రెండవదియు జెడెనేని గతి యేమి? పొదుపే కావలెనన్న వేఱు మార్గము కలదు. సమాచారమును 4 ఖండములుగా జేసి 2 రక్షక ఖండములను జేర్చిన, ఒకటిన్నర రెట్ల స్థలముతోనే రెండు డిస్కులు పోయినను సమాచారము దక్కును. అయితే ఆ యాఱు ఖండములు నాఱు వేఱు యంత్రములం దుండవలయును. ఒక్క యంత్రమున నుంచిన నది పేరునకే రక్షణ. ఈ పద్ధతి పాత దస్త్రములకు దగును. తఱచుగా మాఱు చిన్న లెక్కలకు దగదు.

డిస్కులకును జాతిభేదము కలదు. 2017లో వెలువడిన లూమినస్ కూర్పునుండి హార్డుడిస్కులను, ఎస్.ఎస్.డి.లను సెఫ్ తానే వేఱు తరగతులుగా గుర్తించుచున్నది. వానిని వేర్వేఱు కోశములుగా నేర్పఱుపవలయును. ప్రతులన్నియు వ్రాయబడిన పిదపనే వ్రాత ముగిసినట్లగును గాన, రెండు జాతులను గలిపిన కోశము మందగమనమునే యనుసరించును. గుఱ్ఱమును ఎద్దును ఒక కాడికి గట్టిన బండి యెద్దు నడకనే నడచును గదా!

ఖాళీస్థలమును వృథా యనుకొనరాదు. సహజముగా నూటికి 85 పాళ్లు నిండిన హెచ్చరికయు, 95 నిండిన వ్రాతకు నిషేధమును గలుగును. ఒక యంత్రము పడిపోయిన దాని భారమును మోయుటకు మిగిలినవానియందు చోటుండవలదా?

డిస్కును మరల గొనవచ్చును. పోయిన దస్త్రము నమ్ము నంగడి యెచ్చటను లేదు.