ఎగిరిపోయిన పింఛనులు

మన పట్టణములలో ఒక వర్తకుడు ఐ.పి. పెట్టినాడన్న వార్త పుట్టిన సాయంకాలమే పఠనమందిరమున నాలుగు ప్రశ్నలు వినవచ్చును. ఎవరికెంత మునిగినది? ఇల్లు ఎవరి పేర నున్నది? తాకట్టు పత్రములు ఎవరి చేతిలో నున్నవి? నగలు ఎచ్చటికి చేరినవి? ఐదవ ప్రశ్న నడుగువారు అరుదు. ఆ కొట్టులో ముప్పది యేండ్లు పద్దులు వ్రాసి కన్నులు పోగొట్టుకొన్న గుమాస్తా గతి యేమి? అతడు బాకీదారుల పట్టికలో నుండడు. అప్పులవారి పట్టికలోను ఉండడు. అతని మొత్తము ధనము యజమాని నోటిమాటలోనే యుండెను. యజమానితో పాటు ఆ మాటయు దివాలా తీసెను.

విమాన కంపెనీలు కూలినప్పుడును లోకము ఆ నాలుగు ప్రశ్నలతోనే తృప్తి చెందుచున్నది. టిక్కెట్లు కొన్నవారి డబ్బు ఏమైనది, బ్యాంకుల బాకీ యెంత, విమానములు ఎవరు పట్టుకొనిపోయిరి, కంపెనీని కొనువారెవరు అని పత్రికలు పుంఖానుపుంఖముగా వ్రాయుచున్నవి. ఐదవ ప్రశ్నను మేము అడుగదలచితిమి.

ముందుగా ఒక ధర్మమును స్థిరపరచుకొందము. పింఛను అనుడు, ప్రావిడెంటు ఫండు అనుడు, గ్రాట్యుటీ అనుడు. పేర్లు వేఱైనను వస్తువొక్కటే. అది నేడు పనిచేసి రేపు పుచ్చుకొనవలసిన కూలి. యజమాని దయతలచి యిచ్చు ఈనాము కాదు. మన సుప్రీముకోర్టు 1982 డిసెంబరు 17వ తేదీన నకారా వ్యాజ్యములో పింఛను యజమాని ఇష్టాయిష్టములపై ఆధారపడిన బహుమానము కాదనియు, చేసిన సేవకు ఫలముగా లభించు హక్కనియు తీర్పు చెప్పెను. అది ప్రభుత్వోద్యోగుల వ్యాజ్యమే యగుగాక. ధర్మము గుమస్తాకును, విమానమునకు మెట్లు తోయు కూలికిని ఒక్కటియే. కూలి కూలివానిది. అది యజమాని పెట్టెలో నున్నంత మాత్రమున యజమాని సొమ్ము కానేరదు. అట్టి సొమ్మును చూపి అప్పులవారితో రాజీపడుట అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లే యగును.

ఈ ధర్మము ధనికదేశమగు అమెరికాలో నెట్లు పాలింపబడెనో చూతము. యునైటెడ్ ఎయిర్‌లైన్సు అను మహాసంస్థ 2002 డిసెంబరు 9వ తేదీన దివాలా పిటిషను దాఖలు చేసెను. అంతకు ఎనిమిదేండ్లకు ముందు, 1994లో, ఆ సంస్థ పైలట్లును, మెకానిక్కులును తమ జీతములను తగ్గించుకొని, ప్రతిఫలముగా కంపెనీ వాటాలు పుచ్చుకొనిరి. నూటికి 55 వంతుల వాటా ఉద్యోగులదయ్యెను. ఉద్యోగులే యజమానులైరని లోకము కొనియాడెను. దివాలాతో ఆ వాటాలు చిత్తుకాగితములయ్యెను. పోయిన జీతము తిరిగి రాలేదు. వచ్చిన వాటా నిలువలేదు. మిగిలినది పింఛనొక్కటే.

దానిని గూడ కంపెనీ విడిచిపెట్టలేదు. 2004లో ఫండునకు కట్టవలసిన మొత్తములను కట్టుట మానుకొనెను. 2005 మే 10వ తేదీన చికాగో దివాలా న్యాయస్థానము నాలుగు పింఛను పథకములను వదలించుకొనుటకు కంపెనీకి అనుమతి నొసంగెను. ఆ పథకములలో సుమారు 1,20,000 మంది ఉద్యోగులును, విశ్రాంతులును ఉండిరి. కొఱత 980 కోట్ల డాలర్లు. 1974 నాటి చట్టముచే నేర్పడిన ప్రభుత్వ పింఛను హామీ సంస్థ అందులో సుమారు 660 కోట్ల భారమును తలకెత్తుకొనెను. తక్కిన 320 కోట్ల డాలర్లు ఎవరి నెత్తిన పడెను? అప్పులిచ్చిన బ్యాంకుల నెత్తిన గాదు. తలనెరసిన మెకానిక్కుల నెత్తినను, విమాన పరిచారికల నెత్తినను పడెను.

ఇందలి ఒక విచిత్రమును న్యాయశాస్త్రము చదివినవారు గమనింపవలెను. హామీ సంస్థ యిచ్చు మొత్తమునకు ఒక గరిష్ఠ పరిమితి కలదు. 2005లో 65వ యేట పింఛను ఆరంభించువారికి అది సాలునకు 45,614 డాలర్లు. 60వ యేట ఆరంభించువారికి సుమారు 29,600 డాలర్లు మాత్రమే. తొందరపడి ముందుగా విరమించినవారికి తక్కువ యిచ్చుట సబబే కదాయని తోచవచ్చును. కాని ఆ కాలమున పైలట్లు 60వ యేట దిగిపోవలెనని శాసించినది ఆ ప్రభుత్వమే! ఆ నిబంధన 2007 డిసెంబరులో గాని మారలేదు. దిగిపొమ్మని ఒక ప్రభుత్వ శాఖ ఆజ్ఞాపించెను. ముందుగా దిగితివి గనుక తక్కువ పుచ్చుకొమ్మని మఱియొక ప్రభుత్వ సంస్థ చెప్పెను. దీనిని న్యాయమనవలెనా, పరిహాసమనవలెనా?

అదే కాలమున ఆ సంస్థ అధ్యక్షుని కొఱకు ప్రత్యేకముగా కట్టిన 45 లక్షల డాలర్ల పింఛను నిధి చెక్కుచెదరలేదు. అది ప్రత్యేక ట్రస్టులో నుండెనట. కావున అప్పులవారు ముట్టుకొనరాదట. 2006 ఫిబ్రవరి 1వ తేదీన కంపెనీ దివాలానుండి వెలువడినప్పుడు సుమారు 400 మంది పెద్ద యుద్యోగులకు కొత్త వాటాలలో నూటికి 8 వంతులు కేటాయింపబడెను. ట్రస్టులో పెట్టిన సొమ్ము భద్రమని అధ్యక్షునికి తెలిసినప్పుడు, ఆ భద్రతనే సామాను మోయువానికి కల్పింపకపోవుట అజ్ఞానము చేతనని యెవరు నమ్ముదురు?

కంపెనీ పక్షమువారు చెప్పునదేమన: పింఛను భారమును దింపకున్నచో విమానము లేచెడిది కాదు, పింఛనుతోపాటు ఉద్యోగములును పోయెడివి, సగమైనను మిగిలినందులకు సంతోషింపవలెను. ఈ వాదమునకు చరిత్రయే సమాధానము చెప్పినది. యు.ఎస్. ఎయిర్‌వేస్ 2003లో పైలట్ల పథకమును, 2005లో తక్కినవానిని వదలించుకొనెను, పిమ్మట యునైటెడ్, ఆ వెనుక 2006లో డెల్టా పైలట్ల పథకము. ఒకడు కూలి ఎగవేసి చౌకగా టిక్కెట్టు అమ్మినచో, కూలి యిచ్చువాడు పోటీలో నిలువలేక తానును ఎగవేతకే దిగును. పిమ్మట 2011 నవంబరులో అమెరికన్ ఎయిర్‌లైన్సు దివాలాకు వచ్చి సుమారు 1,30,000 మంది పింఛనులను రద్దుపరచదలచెను. ఈ పర్యాయము హామీ సంస్థ తలయొగ్గలేదు. కంపెనీకి చెల్లించు శక్తి కలదని బహిరంగముగా వాదించెను. ఉద్యోగ సంఘములును గట్టిగా నిలిచెను. 2012 మార్చిలో కంపెనీ రద్దు యోచనను విడిచి, అంతవరకు సంపాదించిన పింఛనును నిలిపి, మీదట పెరుగుదలను మాత్రము ఆపుటకు సమ్మతించెను. ఆ కంపెనీ కూలిపోయెనా? 2013 డిసెంబరులో యు.ఎస్. ఎయిర్‌వేస్‌ను కలుపుకొని లోకములోని మిక్కిలి పెద్ద విమాన సంస్థలలో నొకటియయ్యెను. తప్పదన్నది తప్పినది, కావలివాడు మేల్కొని యుండుటయే కారణము.

ఇంక మన యింటి సంగతి. అమెరికాలో కావలివాడు ఒకప్పుడు నిద్రించెను, ఒకప్పుడు మేల్కొనెను. మనకు అట్టి హామీ సంస్థయే లేదు. జెట్ ఎయిర్‌వేస్ 1993లో ఎగురనారంభించినప్పుడు దేశీయ సామర్థ్యమునకు అది నిదర్శనమని మనము గర్వించితిమి. 2019 ఏప్రిల్ 17వ తేదీతో దాని రెక్కలు ముడుచుకొనెను. సుమారు 20,000 మంది ఉద్యోగులు వీధిని పడిరి. బ్యాంకుల బాకీ 8,000 కోట్ల రూపాయలకు పైబడెను. 2019 జూన్ 20న ముంబయి ట్రిబ్యునలు దివాలా వ్యవహారమును స్వీకరించెను. 2021 జూన్‌లో క్రొత్త యజమానుల పథకము ఆమోదము పొందెను. ఆ పథకములో ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ బకాయిలకు పూర్తి స్థానము లేదు. ఉద్యోగ సంఘములు అపీలు చేయగా, 2022 అక్టోబరు 21న అపీలు ట్రిబ్యునలు ఆ రెండును పూర్తిగా చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. క్రొత్త యజమానులు సుప్రీముకోర్టుకెక్కిరి. 2023 జనవరి 30న వారి అపీలు త్రోసివేయబడెను. గెలిచితిమని ఉద్యోగులు తలచిరి. కాని పథకమే ముందునకు సాగలేదు. 2024 నవంబరు 7న సుప్రీముకోర్టు కంపెనీ ఆస్తులను అమ్మివేయుటకై లిక్విడేషనుకు ఆజ్ఞాపించెను. ఐదేండ్ల వ్యాజ్యము తర్వాత ఉద్యోగి చేతిలో తీర్పు కలదు. చెల్లించుటకు ఒప్పుకొన్న యజమాని మాత్రము లేడు.

చట్టము మౌనముగా నున్నదని మేము చెప్పము. 2016 నాటి దివాలా స్మృతి 36వ సెక్షను ప్రావిడెంటు ఫండు, పింఛను ఫండు, గ్రాట్యుటీ ఫండునుండి ఉద్యోగికి రావలసిన మొత్తములు అప్పులవారికి పంచు ఆస్తిలో చేరవని స్పష్టముగా చెప్పుచున్నది. ఎ.బి.జి. షిప్‌యార్డు వ్యాజ్యములో 2022 ఏప్రిల్‌లో సుప్రీముకోర్టును దానినే ధ్రువపరచెను. ఆ వాక్యమునందే చిక్కును కలదు. చట్టము కాపాడునది ఫండును. యజమాని ఫండునే పెట్టకపోయినచో? హైదరాబాదు ట్రిబ్యునలునుండి వెడలిన లాంకో ఇన్‌ఫ్రాటెక్ వ్యాజ్యములో 2020 ఫిబ్రవరిలో అపీలు ట్రిబ్యునలు ఏమి చెప్పెను? గ్రాట్యుటీ ఫండు లేనిచోట దానిని కల్పించి చెల్లింపుమని లిక్విడేటరును ఆజ్ఞాపింప వీలులేదని చెప్పెను. అనగా నిజాయితీగా ఫండు కట్టిన యజమాని ఉద్యోగికి రక్షణ దొరకును. ఒక్క రూపాయియు కట్టని యజమాని ఉద్యోగి వరుసలో నిలిచి చేయి చాపవలెను. దొంగతనము పూర్తిగా చేసినవానికి శిక్ష తక్కువయగు ధర్మమిది! తెలుగుదేశపు ఉద్యోగులు విమానమెక్కకున్నను ఈ చిక్కు వారిని వదలదనుటకు లాంకోయే సాక్ష్యము.

బ్యాంకులలోనిదియు ప్రజల సొమ్మే కదాయని కొందఱు పెద్దలు ప్రశ్నింతురు. నిజమే. కాని బ్యాంకు లెక్కలు చూచి, తాకట్టు పట్టి, వడ్డీ నిర్ణయించి అప్పిచ్చును. ఒక కంపెనీలో పోయినది మఱియొక కంపెనీలో రాబట్టుకొనును. ఉద్యోగి తాకట్టు లేకుండ, వడ్డీ లేకుండ, తాను అప్పిచ్చుచున్నానని యెఱుగకయే తన జీవితకాలమును అప్పిచ్చినాడు. ఏబదియైదవ యేట అతడు తిరిగి సంపాదించుకొనలేడు. అట్లయ్యును దివాలా స్మృతి ప్రకారము అప్పులవారి సంఘములో ఓటు బ్యాంకులది. బకాయి మొత్తము అప్పులో నూటికి పదివంతులు చేరినప్పుడు ఉద్యోగుల ప్రతినిధి అచ్చట కూర్చుండి వినవచ్చును, ఓటు వేయరాదు. తన సొమ్మును గూర్చిన పంపకములో తానే ప్రేక్షకుడు!

మేము కోరునది క్రొత్త దానమేదియు గాదు. గ్రాట్యుటీకి యజమాని తప్పక బీమా చేయవలెనను సెక్షను 1987లోనే శాసనములో చేర్చబడెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2011లో దానికి నియమములు చేసెను. కర్ణాటకము 2024లో చేసెను. పెక్కు రాష్ట్రములు ముప్పదియేండ్లు గడచినను కదలలేదు. 2025 నవంబరులో అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోను ఈ బీమా నిబంధన కలదు. కాగితముపై నున్నదానిని నేలమీదికి దింపవలెను. బీమా చేయని యజమానికి, కోసిన ప్రావిడెంటు ఫండును కట్టని యజమానికి విమానము నడుపు అనుమతి కొనసాగరాదు. ఇంజను చెడినచో విమానమును లేవనీయని ప్రభుత్వము, ఉద్యోగి కూలి చెడినప్పుడు ఏల లేవనిచ్చుచున్నది? ఫండు లేనిచోట గ్రాట్యుటీకి రక్షణ లేదను సందునకు దివాలా స్మృతిలోనే గడియ వేయవలెను. ఉద్యోగుల ప్రతినిధికి అప్పులవారి సంఘములో ఓటుండవలెను.

ఇది పైలట్ల గొడవ, మనకేల యని చదువరులు పత్రిక మడిచివేయకుందురు గాక. మీలో మిల్లులలో, ప్రైవేటు కళాశాలలలో, ఆసుపత్రులలో పనిచేయువారు కలరు. రేపు కచేరికి పోయినప్పుడు మీ యజమానిని మర్యాదగా రెండు ప్రశ్నలడుగుడు: నా ప్రావిడెంటు ఫండు ఏ నెలవరకు కట్టినారు? నా గ్రాట్యుటీ ఏ ఫండులో, ఏ బీమాలో నున్నది? ఒక్కడు అడిగిన ధిక్కారమందురు. నలుబదిమంది కలిసి అడిగినచో లెక్క చూపుదురు. కంపెనీ బాగుగా నడచుచున్న దినములలోనే ఈ ప్రశ్న అడుగవలెను. ఐ.పి. పెట్టిన మఱునాడు అడిగినచో సమాధానము చెప్పుటకు కుర్చీలో లిక్విడేటరు తప్ప మఱెవ్వరును ఉండరు.