నీళ్లిచ్చిన లోయకే తొలి వాటా

లాస్ ఏంజిలెస్ నుంచి ఉత్తరానికి కారులో మూడున్నర గంటలు వెళితే లోన్ పైన్ వస్తుంది. మొహావీ ఎడారి దాటాక 395 రహదారి మీద, రెండు వేల జనాభా ఉన్న చిన్న ఊరు. ఒకటే పెద్ద వీధి. పెట్రోలు బంకులు, కొన్ని మోటళ్లు, కొండలెక్కేవాళ్లకు సామాన్లమ్మే దుకాణాలు, పాత సినిమాల మ్యూజియం. దక్షిణ కాలిఫోర్నియాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు చలికాలంలో పిల్లలకు మంచు చూపించడానికి ఇంకా పైకి వెళుతూ ఇక్కడ పెట్రోలు పోయించుకుంటాయి. కాఫీ తాగి, పడమటి కొండలు కనిపించేలా ఒక ఫొటో దిగి సాగిపోతాయి. ఈ ఊళ్లో ఆగాలని మా అబ్బాయి దగ్గర పట్టుబట్టింది నేనే. నీటిపారుదల శాఖలో కాలువల మీదే ఉద్యోగ జీవితం గడిపినవాణ్ని. శాన్ ఫెర్నాండో వ్యాలీలో మా అబ్బాయి ఇంటి కుళాయిలో పడే నీళ్లలో కొన్ని ఈ ఊరి పక్క నుంచే వస్తాయని తెలిసి, ఆ తావు చూడకుండా తిరిగి రావడానికి మనసొప్పలేదు.

చూశాక నాకు గట్టిగా అనిపించినది చెబుతాను. నగరం దూరాన్నుంచి నీళ్లు తెచ్చుకోవడం తప్పు కాదు. నీళ్లిచ్చే నేలకు తొలి వాటా వదిలిపెట్టకుండా తెచ్చుకోవడం తప్పు. ఆ తప్పుకు లెక్క ఎన్నేళ్లకైనా తేలుతుంది, అప్పుడు వడ్డీతో సహా కట్టాలి.

లోన్ పైన్ వీధిలో నిలబడి పడమటికి చూస్తే సియెర్రా నెవాడా పర్వతాలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. అలాస్కాను పక్కనబెడితే అమెరికాలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం మౌంట్ విట్నీ అక్కడే ఉంది, 4,421 మీటర్లు. కొత్తవాళ్లు దాన్ని ఇట్టే పోల్చుకోలేరు. ముందున్న లోన్ పైన్ శిఖరం దగ్గరగా ఉండటంతో అదే పెద్దదిగా కనబడుతుంది. విట్నీ వెనక వరసలో, సూదిమొనల మధ్య ఉంటుంది. పసిఫిక్ మీది నుంచి వచ్చే మేఘాలు అవతలి వాలు మీదే కురిసి, శిఖరాల మీద మంచు పోసి, ఇవతలికి వట్టి గాలిగా దిగుతాయి. అందుకే ఊళ్లో ఏడాదికి అయిదారు అంగుళాలకు మించి వాన పడదు. మా అనంతపురం కూడా పడమటి కనుమల వర్షచ్ఛాయలోనే ఉంది. కానీ మాకు ఇరవై అంగుళాలకు పైగా పడుతుంది, దానికే కరవు సీమ అంటాం.

అంత ఎండు ఓవెన్స్ లోయలోనూ నీళ్లున్నాయి. మంచు కరిగి డజన్ల కొద్దీ వాగులు కొండల మీంచి దిగి ఓవెన్స్ నదిలో కలిసేవి, నది దక్షిణాన ఓవెన్స్ సరస్సులో చేరేది. తెల్లవాళ్లు రాకముందే పయూట్ ప్రజలు ఆ వాగులకు అడ్డుకట్టలు వేసి, పాయలు తీసి, తినే గడ్డలనూ గింజలనూ తడిపి పండించుకున్నారు. లోయలో తొలి కాలువలు వాళ్లవే. 1863లో సైన్యం వాళ్లలో వెయ్యి మంది దాకా పోగుచేసి దూరాన ఉన్న కోటకు తోలుకుపోయింది. తర్వాత వచ్చిన రైతులు ఆ కాలువలనే పెంచి పళ్లతోటలు, గడ్డిపొలాలు వేసుకున్నారు. సరస్సు మీద 1870లలో ఆవిరి పడవ తిరిగేది. ఎదుటి కొండల్లోని సెర్రో గోర్డో గనుల వెండి దిమ్మెలు ఆ పడవలో అవతలి ఒడ్డుకు దాటి, బండ్లెక్కి లాస్ ఏంజిలెస్‌కు చేరేవి. నీళ్లకంటే ముందే ఈ లోయ వెండి ఆ నగరానికి ఊపిరిపోసింది.

1900లో లాస్ ఏంజిలెస్ జనాభా లక్ష. పదేళ్లకు మూడు లక్షలు దాటింది. నగర మాజీ మేయర్ ఫ్రెడ్ ఈటన్ 1905 నాటికి లోయలో తిరిగి భూములు, వాటితో నీటి హక్కులు కొంటూ పోయాడు. ప్రభుత్వం తమ లోయకే ఏదో సేద్యపు ప్రాజెక్టు కట్టబోతోందని రైతులు నమ్మారు. అదంతా నగరం కోసమేనన్న సంగతి బయటపడేసరికి కీలకమైన హక్కులు చేతులు మారిపోయాయి. ఆ నీళ్లను నగరానికి చేర్చే కాలువ కట్టినవాడు విలియం మల్‌హాలండ్. ఐర్లండ్ నుంచి వచ్చి, అదే నగరంలో కాలువ పూడిక తీసే పనితో మొదలుపెట్టి, రాత్రిళ్లు పుస్తకాలు చదువుకుని చీఫ్ ఇంజనీరయ్యాడు. 233 మైళ్ల కాలువ, అంటే 375 కిలోమీటర్లు. ఎక్కడా ఒక్క పంపు లేదు. లోయలో ఉన్న ఎత్తును ఎక్కడా వృథా చేయకుండా, సొరంగాలు తవ్వి, ఎడారి లోయల్లో సైఫన్లు దింపి, వాలు మీదనే నగరం దాకా నడిపించారు. 1913 నవంబర్ 5న నీళ్లు సిల్మార్ దగ్గర కొండ మీంచి దూకాయి. ఆ చోటు హైవే మీంచి ఇప్పటికీ కనబడుతుంది. లెవెల్ పట్టుకుని ఎండల్లో తిరిగిన మనిషిగా ఆ పనికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

ఊరి నుంచి విట్నీ కొండ దారి పట్టగానే ఆ కాలువ దాటతాం. సిమెంటు లైనింగు, కంచె, చప్పుడు చేయకుండా ఒకే మట్టాన పోయే ఆకుపచ్చ నీరు. కంచెకు ఇవతల అడుగు దూరంలో సేజ్ పొదలు బూడిదరంగులో ఎండి ఉంటాయి. మన దగ్గర ఏ కాలువ గట్టు మీద నిలబడ్డా దిగువన తూము ఉంటుంది, తూము కింద ఒక మడి ఉంటుంది. ఇక్కడ తూము లేదు. నా ఉద్యోగ కాలమంతా చివరి ఆయకట్టు రైతు గోడు విన్నాను, నీళ్లు మా దాకా రాలేదని. నీళ్లు పుట్టిన చోటే ఆ గోడు ఉండటం ఇక్కడే చూశాను.

ఆ గోడు ఒకసారి పోరాటమైంది. నగరం పొలం వెంట పొలం కొంటూ పోతుంటే ఒక్కో పిల్లకాలువా ఎండిపోయింది. 1924 మే నెలలో ఎవరో కాలువను డైనమైట్‌తో పేల్చారు. ఆ నవంబర్ 16న డెబ్బై మంది దాకా లోయవాళ్లు లోన్ పైన్‌కు ఉత్తరాన అలబామా గేట్లు స్వాధీనం చేసుకుని షట్టర్లెత్తి, నీళ్లను పాత నదిలోకి వదిలారు. నాలుగు రోజులు అక్కడే ఉన్నారు. ఆడవాళ్లు వంటలు చేసి తెచ్చారు, పిల్లలొచ్చారు. దగ్గర్లో షూటింగులో ఉన్న సినిమా హీరో టామ్ మిక్స్ తన బ్యాండు బృందాన్ని పంపాడు. నాలుగో రోజు లోయవాళ్లు గేట్లు వదిలి వెళ్లారు. 1927లో లోయ రైతులకు అండగా ఉన్న బ్యాంకు కుప్పకూలి, దాన్ని నడిపిన వాటర్సన్ సోదరులు జైలుకు వెళ్లారు. పోరాటం అక్కడితో ముగిసింది. మరుసటి ఏడు మార్చిలో మల్‌హాలండ్ కట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్, ఆయనే వచ్చి పరీక్షించి వెళ్లిన రాత్రి, తెగింది. నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. బాధ్యత తనదేనని ఆయన ఒప్పుకున్నాడు.

లోయ లెక్క మాత్రం సరస్సులో తేలింది. 280 చదరపు కిలోమీటర్ల ఓవెన్స్ సరస్సు 1926 నాటికి ఎండిపోయింది. అడుగున ఉప్పు, మెత్తటి మట్టి, అందులో ఆర్సెనిక్ వంటివి మిగిలాయి. గాలి లేచినప్పుడల్లా ఆ పొర చిట్లి తెల్లటి ధూళి ఆకాశం కమ్మేలా లేచేది. ఏళ్ల తరబడి అమెరికా మొత్తంలో ఒకే చోట నుంచి అంత సన్నధూళి లేచే నేల మరొకటి లేదు. కాఫీ దుకాణంలో మా పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ, గాలి రోజుల్లో తన చిన్నప్పుడు అమ్మ కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కేదని చెప్పింది. మేం లాస్ ఏంజిలెస్ నుంచి వచ్చామని విన్నాక ఆవిడ ముఖంలో కోపమేమీ లేదు. మా మనవరాలి చేతిలోని నీళ్ల సీసా వంక మాత్రం ఒకసారి చూసింది.

గాలి నాణ్యత అధికారులు పట్టుబట్టడంతో 1998లో ఒప్పందం కుదిరి, 2001 చివర్లో నగరం ఆ సరస్సు అడుగున మళ్లీ నీళ్లు పెట్టడం మొదలుపెట్టింది. మేం వెళ్లి చూశాం. మడులు మడులుగా గట్లు పోసి ఉన్నాయి. కొన్నింట్లో జానెడు లోతు నీళ్లు, కొన్నింట్లో ఉప్పుగడ్డి, కొన్నింట్లో కంకర. వేసవిలో సేద్యానికి పెట్టే స్ప్రింక్లర్ల లాంటివే అక్కడ దుమ్మును తడుపుతున్నాయి. నీళ్లు పెట్టిన మడుల్లోకి పక్షులు తిరిగొచ్చాయి. పొడుగుకాళ్ల అవసెట్లు ఉప్పునీటి ఈగలను ఏరుకు తింటున్నాయి. ఈ దుమ్ము అణచడానికి నగరం పెట్టిన ఖర్చు 200 కోట్ల డాలర్లు దాటింది. మొత్తం కాలువ కట్టడానికి 1907లో ప్రజలు ఆమోదించిన బాండ్లు రెండు కోట్ల ముప్పై లక్షల డాలర్లు. నాటి డాలరు విలువ వేరే, ఒప్పుకుంటాను. అయినా సరస్సు బతికేంత నీరు మొదట్లోనే వదిలి ఉంటే ఈ ఖర్చు, లోయ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్ము రెండూ తప్పేవి. ఎండిన నదిలోకి తిరిగి నీళ్లు వదలడానికి కూడా కోర్టు చెప్పాల్సి వచ్చింది. జాప్యానికి రోజుకు అయిదు వేల డాలర్ల జరిమానా పడ్డాక, 2006 డిసెంబర్‌లో వంద కిలోమీటర్ల నదికి 40 క్యూసెక్కులు వదిలారు. మన దగ్గర ఒక మోస్తరు డిస్ట్రిబ్యూటరీకి ఇచ్చే నీళ్లవి. ఆ కాసిని నీళ్లకే ఒడ్డున విల్లో చెట్లు లేచాయి.

నీళ్లు పోయిన నేల మీద ఇంకేం జరుగుతుందో ఊరికి ఉత్తరాన మాంజనార్‌లో కనబడుతుంది. 1910లో ఆపిల్ తోటలతో వెలసిన ఊరది. నగరం ఆ పొలాలు కొనేశాక తోటలు ఎండి, మనుషులు వెళ్లిపోయారు. 1942లో అమెరికా ప్రభుత్వం పశ్చిమ తీరపు జపాన్ సంతతి వాళ్లను నిర్బంధించడానికి చోటు వెతుకుతూ, నగరం చేతిలో ఖాళీగా పడి ఉన్న ఈ నేలను ఎంచుకుంది. చుట్టూ ముళ్లకంచె, కాపలా బురుజులు, లోపల పదివేల మంది. మూడింట రెండొంతుల మంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. పాత ఊరివాళ్లు వదిలేసిన పళ్లచెట్లను ఆ నిర్బంధితులు కత్తిరించి మళ్లీ కాయించారు. బ్యారక్‌ల మధ్య రాళ్లు పేర్చి కొలనులు కట్టారు. ఇప్పుడు తవ్వి తీసిన ఆ కొలనుల్లో నీళ్లు లేవు, రాళ్ల అమరిక చెక్కుచెదరలేదు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి ఇరవై వేల డాలర్లు ఇచ్చింది. కాలువకూ నిర్బంధానికీ కారణాలు వేరు. కానీ ఒక నేల నుంచి నీళ్లను, మనుషులను తీసేస్తే, ఆ తర్వాత అక్కడ ఏం చేసినా అడిగేవాడుండడు.

దీనికి ఎదురువాదన ఉంది, చిన్నది కాదు. వేల మంది రైతుల లోయ ముఖ్యమా, లక్షల మంది నగరం ముఖ్యమా అని 1906లో ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ ఆలోచించి నగరం వైపే నిలిచాడు. నగరం భూములు కొనబట్టే లోయలో కట్టడాలు పెరగలేదని, ప్రకృతి మిగిలిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ అందం నిజమే, దారినపోయే నాలాంటివాడికి. ఈ లోయ ఉన్న ఇన్యో కౌంటీలో రెండున్నర లక్షల ఎకరాల దాకా నగరం చేతిలోనే ఉండటంతో, ఆ ఊళ్లలో పుట్టిన పిల్లలకు ఇల్లు కట్టుకోవడానికి జాగా దొరకడమే కష్టం. పయూట్‌ల సంగతి మరీ అన్యాయం. 1939లో నగరానికీ ఫెడరల్ ప్రభుత్వానికీ మధ్య భూముల మార్పిడి జరిగి వాళ్లకు చిన్న చిన్న రిజర్వేషన్లు దక్కాయి. నీటి హక్కుల ప్రశ్న మాత్రం తర్వాత చూద్దామని పక్కన పెట్టారు. తొలి కాలువలు తీసినవాళ్లు ఇప్పటికీ ఎదురుచూస్తున్నారు.

నగరమా, లోయా అని ఒకదాన్నే ఎంచుకోవాల్సిన పని లేదనడానికి మన దగ్గర ఉదాహరణ ఉంది. నేను పనిచేసిన కాలువల్లో తెలుగుగంగ ఒకటి. అది కూడా దూరపు నగరం దాహం తీర్చడానికి పుట్టిందే. చెన్నైకి కృష్ణా నీళ్లు ఇవ్వడానికి మూడు రాష్ట్రాలు తలా అయిదు టీఎంసీలు వదులుకున్నాయి. 1983 ఒప్పందంతో ఆ కాలువకు దారిలో ఉన్న రాయలసీమ, నెల్లూరు ఆయకట్టును కూడా కలిపారు. ఆ ఆయకట్టంతా అనుకున్నట్టు తడవలేదు. చెన్నైకీ చాలా ఏళ్లు పూర్తి వాటా అందలేదు. ఆ కాలువకు నీళ్లిచ్చే శ్రీశైలం జలాశయం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు 98 జీవో కింద ఉద్యోగాల కోసం ఎన్ని ధర్నాలు చేశారో కర్నూలు వాళ్లనడిగితే చెబుతారు. లోపాలన్నీ ఉన్నా, కాలువకు తూములు పెట్టాలన్న ఆలోచన కాగితం మీద గీసేటప్పుడే జరిగింది. తూము ఉంటే, నీళ్లు రాలేదని అడగడానికి రైతుకు ఒక చోటుంటుంది. తూమే లేని కాలువ గట్టు మీద అడగడానికి డైనమైటే దిక్కయింది.

అందుకే హైదరాబాద్‌కైనా, విశాఖకైనా, మరే నగరానికైనా కొత్తగా నీళ్లు తరలించే ప్రతి పథకంలో మూడు సంగతులు ముందే రాయాలి. పుట్టిన చోట నది, చెరువు, భూగర్భజలం బతికేంత నీరు తొలి వాటాగా చట్టంలో ఉండాలి. మిగిలిందే నగరానిది. ఆ నేల, గాలి, బోర్లు ఎలా ఉన్నాయో ఏటా కొలిచే ఖర్చు నగరపు నీటి బిల్లులోంచి రావాలి. షట్టరు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో తేల్చే కమిటీలో ఆ ఊళ్లవాళ్లకు ఓటు ఉండాలి. ఇవన్నీ ఇచ్చినా నగరానికి నీళ్లు తగ్గిపోవు. ఓవెన్స్ సరస్సు మీద పోసిన డబ్బుతో లాస్ ఏంజిలెస్ తన మురుగునీటిని శుద్ధి చేసి ఎంత వాడుకునేదో ఏ ఇంజనీరైనా లెక్కగట్టగలడు.

లాస్ ఏంజిలెస్‌లో ఉన్న మన పిల్లలకూ ఒక మాట. మీలో చాలామందికి ఇప్పుడు అక్కడ ఓటుంది. నీటి శాఖ బడ్జెట్ మీద ప్రజాభిప్రాయం అడిగే రోజు వెళ్లి, పయూట్‌ల నీటి హక్కు ఎప్పుడు తేలుస్తారని అడగండి. వచ్చే చలికాలం లోన్ పైన్‌లో పెట్రోలు పోయించుకున్నాక సరస్సు దాకా, మాంజనార్ దాకా వెళ్లండి. మంచు ఎక్కడికీ పోదు. ఆ మంచు కరిగి మీ కుళాయికి చేరేలోపు ఎవరెవరి వాటా దాటి వస్తోందో పిల్లలకు చూపించడం కన్నవాళ్ల బాధ్యత.